అద్దంలో నారింజ దీపం

చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

ఈ వాక్యం రాసి పెన్నుకి మూత పెట్టేశాను. కాసేపాగి మళ్లీ తీశాను. అందులో మొదటి సగం పూర్తిగా నిజం కాదు, అలాగని అబద్ధమూ కాదు. కొట్టేద్దామా అనుకున్నాను. కొట్టేస్తే నువ్వు అక్కడే ఆగిపోయి, మిగతాది చదవకుండానే ఫోన్ అందుకుంటావు. అందుకని ఉంచేశాను. హాస్టల్ రోజుల్లో మనం పెట్టుకున్న ఒప్పందం గుర్తుందిగా, పెద్ద సంగతులన్నీ కాగితం మీదే అని. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, నేను నీ మాట పూర్తి కానివ్వను. కాగితం మీదైతే ఇద్దరిలో ఒకరు నోరు మూసుకోక తప్పదు. ఈసారి ఆ వంతు నీది.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే "నేనేం అడిగాను, నువ్వేం రాశావు" అంటావు. మా బుడంకాయ పరీక్షలు అయిపోయాయి. బాగా రాశానంటోంది. పరీక్ష హాల్లోంచి బయటికొచ్చి బాగా రాశానని చెప్పగలిగే మనిషి నా కడుపున ఎలా పుట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు. సెలవుల్లో నీ దగ్గరికొచ్చి డ్రైవింగ్ నేర్చుకుంటుందట. "మీ అమ్మ నేర్పదా" అని మీ బావ అడిగితే, "అమ్మ దగ్గరైతే సీటు బెల్టు పాఠం అయ్యేసరికి నాకు మనవలు పుడతారు" అంది. మీ బావకి నడుంనొప్పి తగ్గింది, నస తగ్గలేదు. నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది, ప్రెస్సులో పాఠ్యపుస్తకాల ప్రూఫులు. కొత్తగా చేరిన అమ్మాయి "మేడమ్, అవి కళ్లా భూతద్దాలా" అంటుంది నన్ను. అచ్చులో ఒక చుక్క ఎగిరిపోయినా పట్టేస్తానని. ఆ మాట కాస్త గుర్తుపెట్టుకో.

నీ మెడనొప్పికి ఏం రాయాలని అడిగావు. రోజంతా పాఠాలు చెప్తూ అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ మెడ పట్టేస్తోందన్నావు. దాని సంగతి చివర్లో రాస్తాను. పూతమందుతో పోయేది కాదేమోనని నా అనుమానం. నా అనుమానాల విలువ ఎంతో నీకు తెలుసు కాబట్టి ఇప్పుడే కంగారుపడకు.

ఇక నీ అసలు ప్రశ్న. ప్రతి ఉత్తరం చివరా అదే, "బండి కొన్నావా, ఇంకా పట్టికలే గీస్తున్నావా" అని. డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషికి నేను బండ్ల గురించి చెప్పడం ఏమిటి గానీ, తర్వాత జరిగింది అర్థం కావాలంటే మొదట్నించీ చెప్పాలి.

మా పాత కారు గేరు మార్చినప్పుడల్లా దగ్గడం మొదలుపెట్టాక, మీ బావా నేనూ ఒక బండి మీద మనసు పడ్డాం. చిన్న క్రాసోవర్, హైబ్రిడ్. మామూలు కారు కన్నా కాస్త ఎత్తు, జీపు కన్నా పొట్టి. కాస్సేపు పెట్రోలు మీద, కాస్సేపు బ్యాటరీ మీద, దాని ఇష్టం దానిది. సిగ్నల్ దగ్గర ఆగితే చప్పుడే ఉండదు, ఆగిపోయిందేమోనని నేను మొదటిసారి భయపడ్డాను. ఏ బండి కొనాలన్నదాంట్లో మాకు గొడవే రాలేదు. గొడవంతా అందులో ఏ రకం అన్నది. షోరూం వాళ్లు మూడు రకాలకీ ఏవో ఆకాశంలోని పేర్లు పెట్టారు. మా ఇంట్లో వాటిని కిందిది, నడిమిది, పైది అనేవాళ్లం.

కిందిదాన్లో గుడ్డ సీట్లు, చేత్తో ముందుకీ వెనక్కీ లాక్కోవాలి. తెర చిన్నది. వెనక కెమెరా ఉంది. ముందు ఏదైనా అడ్డొస్తే తనంతట తనే బ్రేకు వేసుకునే ఏర్పాటు కూడా ఉంది. చక్రాలు చిన్నవి, బరువు తక్కువ, అందుకని మూడింట్లోనూ పెట్రోలు తక్కువ తాగేది అదే. నడిమిదానికి తాళం సంచిలోంచి తీయక్కర్లేదు, బటన్ నొక్కితే సీటు జరుగుతుంది, మనకు కనబడని పక్క నుంచి ఏదైనా వస్తుంటే ఆ వైపు సైడు అద్దంలో నారింజ రంగు దీపం వెలుగుతుంది. పైదానికి తోలు సీట్లు, నెత్తిన అద్దం కప్పు, పెద్ద చక్రాలు, బండి చుట్టూ కెమెరాలు. వేగమూ హెచ్చరికలూ డ్రైవరు కళ్లెదురుగా ముందు అద్దం మీదే గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తాయి, పక్కన బండి ఉంటే గంట కూడా మోగుతుంది. ఇంజనూ బ్యాటరీ మాత్రం మూడింటికీ ఒక్కటే.

నువ్వప్పుడే ఒక్క ముక్కలో తేల్చేశావు. "ఇంజను ఒకటే అయినప్పుడు మిగతావన్నీ నగలే అక్కా. కిందిది తీసుకుని పీడ వదిలించుకో" అని రాశావు. మీ బావ నడిమిది అన్నారు. ఆయన జీవితంలో అన్నిట్లోనూ నడిమిదే అంటారు, హోటల్లో కాఫీ కప్పు దగ్గర్నుంచీ. నేను ఓ పెద్ద పట్టిక గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పెన్సిల్‌తో రాశాను, ఎందుకంటే నిలువు గళ్లు ఎప్పటికప్పుడు చెరిపి మళ్లీ గీసేదాన్ని. పాలు తీయడానికి వెళ్లి దాని ముందు నిలబడిపోయేదాన్ని. "నీకు కావాల్సింది బండి కాదు, పోల్చుకోవడానికి ఏదో ఒకటి" అనేవారు మీ బావ. నిజమేనేమో. ఎమ్మే చదివేటప్పుడు రెండు పేపర్లలో ఏది తీసుకోవాలో తేల్చుకోలేక రెండింటి క్లాసులకీ సగం సగం వెళ్లిన మనిషిని. పోల్చడం నాకు అలవాటు. అందరికీ తెలిసిన అలవాటు కాబట్టి దాని చాటున ఏం దాచినా ఎవరికీ అనుమానం రాదు.

షోరూంలో మమ్మల్ని చూసుకునే కుర్రాడికి మేము చిరునవ్వు అని పేరు పెట్టాం. బండి కొన్నా నవ్వే, కొనకపోయినా నవ్వే. నేను లోపల అడుగుపెడితే చాలు, "మేడమ్ వచ్చారు, టీ పట్రా" అని కేకేసేవాడు. ఒకసారి ఇంకెవరో దంపతులకి నడిమిదానికీ పైదానికీ తేడా చెప్తూ ఏదో మర్చిపోయి నా వైపు తిరిగితే నేను అందించాను. "మేడమ్, మీరు ఇక్కడ చేరిపోండి, ఇంటిదగ్గర పట్టిక ఎలాగూ రెడీగా ఉంది" అన్నాడు. అందరం నవ్వాం.

వాళ్లకి వింతగా తోచింది మరొకటి. సబ్బు ముక్క కనబడకుండా పోయేదాకా వాడే నేను పైదే కావాలని పట్టుబట్టడం. మీ బావకైతే మతి పోయింది. "నెత్తిన అద్దం దేనికి? ఆకాశం చూడాలంటే మేడెక్కు, డబ్బివ్వక్కర్లేదు" అన్నారు. కెమెరాల కోసం అన్నాను. "బండి పార్కు చెయ్యాలంటే నాలుగు వైపులా దిగి చూసొచ్చే మనిషివి, నీకు కెమెరాలెందుకు?" అన్నారు. సీట్లు తుడుచుకోవడం తేలిక అన్నాను. ఆయన నా మొహంలోకి ఓసారి చూశారు. అప్పుడైనా చెప్పాల్సింది.

ఎక్కడ మొదలైందో ఇప్పుడు రాస్తాను.

నడిమిదాన్ని నడిపి చూద్దామని వెళ్లిన రోజు చిరునవ్వు నా పక్క సీట్లో, మీ బావ వెనక. పెద్ద రోడ్డెక్కాం. బండి వెన్నలా పోతోంది. ఎడమ పక్కనుంచి బస్సు ఒకటి వస్తున్నట్టుంది, చిరునవ్వు ఉత్సాహంగా, "ఇప్పుడు చూడండి మేడమ్, అద్దంలో లైటు వెలిగింది, చూశారా?" అన్నాడు.

"చూశాను" అన్నాను.

చూడలేదు. ఎండ కళ్లలో పడిందిలే అనుకున్నాను. కాసేపటికి మళ్లీ, "అదిగో మళ్లీ" అన్నాడు. ఈసారి తల తిప్పాను. తిప్పితే ఉంది, నారింజ రంగులో నిక్షేపంలా వెలుగుతోంది. మళ్లీ ముందుకి చూశాను. పోయింది. దీపం ఆరలేదు చెల్లీ. దీపమూ, అది ఉన్న అద్దమూ, పక్కనున్న బస్సూ అన్నీ కలిసి పోయాయి. నల్లగా ఏమీ కనబడలేదు, మసకగానూ లేదు. రోడ్డు శుభ్రంగా, ఖాళీగా ఉన్నట్టే ఉంది. ఏదో లేదన్న సంగతి కూడా తెలియకపోవడం ఎలా ఉంటుందో నీకెలా చెప్పను? ప్రూఫులో వాక్యం ఎగిరిపోయినా పక్క వాక్యాలు చక్కగా కలిసిపోతే ఎవరూ పట్టుకోలేరు చూడు, అలాగ.

నీ దగ్గర నేర్చుకునేటప్పుడు నువ్వు నన్ను మెచ్చుకునేదానివి గుర్తుందా. మిగతావాళ్లకి తల తిప్పి చూడమని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాలి, నేనొక్కదాన్నే చెప్పకుండానే తిప్పుతానని. క్రితంసారి నీ దగ్గరికి వచ్చినప్పుడు కూడా నీ శిష్యులకి నన్ను చూపించావు, "ఇదిగో, తల ఇలా తిప్పాలి" అని. ఎంత మురిసిపోయానో. జాగ్రత్త అనుకున్నాను. అనుమానం మనిషిని కాబట్టి ప్రతిదీ రెండోసారి చూసుకుంటున్నాననుకున్నాను. నా మెడ నా కళ్లకి బదులు పని చేస్తోందని నాకు తెలియదు.

ఆ రోజు నుంచే నేను పైదాని వెంట పడ్డాను. దానిలో హెచ్చరిక నేను చూసే చోటే పడుతుంది, కళ్లెదురుగా. గంట మోగుతుంది. నడిమిది చూసి చెప్తుంది గానీ, నాకు కనబడని చోట నిలబడి చెప్తుంది. పట్టికలో నేను ఆ గళ్లు ఎన్నిసార్లు చెరిపి రాశానో. ఒక బండి చూపు ఇంకో బండి చూపు కన్నా నాకు ఎంత ఎక్కువ అరువిస్తుందో లెక్క వేస్తున్నానని అప్పుడు నాకు నేనే ఒప్పుకోలేదు. రకాలు పోలుస్తున్నానని అన్నాను. ఇంట్లోనూ అదే, షోరూంలోనూ అదే, నీకు రాసిన ఉత్తరంలోనూ అదే.

తర్వాత పైదాన్ని నడపడానికి వెళ్లాం. పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు. మార్కెట్ వెనక వీధిలో మెల్లిగానే పోతున్నాను. కళ్లెదుట అంకెలు తేలుతున్నాయి, నాకు ధైర్యంగా ఉంది. ఎడమ సందులోంచి సైకిలు మీద ఒకాయన, వెనక క్యారియర్ మీద చుట్టిన పరుపు కట్టుకుని వచ్చాడు. వచ్చాడని తర్వాత తెలిసింది. నాకు తెలిసినది ఒక్కటే, బండి నా కాలి కింద తనంతట తను కుదేసి ఆగిపోయింది. బెల్టు గుండె మీద పట్టేసింది. అప్పుడు చూస్తే బానెట్ ముందు పరుపు చుట్ట ఉంది, దాని పక్కన ఆయన ఒక కాలు నేల మీద ఆనించి నిలబడి ఉన్నాడు.

"చూశారా మేడమ్" అన్నాడు చిరునవ్వు, మొహం చేటంత చేసుకుని. "మీరు బ్రేకు తొక్కకపోయినా ఎలా ఆగిందో. భలే టెస్టు చేశారు. ఇంతవరకూ ఏ కస్టమరూ ఇంత ధైర్యం చెయ్యలేదు."

వెనక మీ బావ నవ్వారు. "మా ఆవిణ్ని తక్కువ అంచనా వేశాను నేను" అన్నారు.

సైకిలాయన మాత్రం నవ్వలేదు. తిట్టనూ లేదు. బండి అద్దంలోంచి నన్నే చూశాడు. నేను ఆయన వైపు తిన్నగా చూస్తూ వచ్చానని ఆయన అనుకుని ఉండాలి. చూస్తూ చూస్తూ మీదకి తెచ్చిన ఆడమనిషి ఎలాంటిదై ఉంటుందా అన్నట్టు చూశాడు. పరుపు సర్దుకుని వెళ్లిపోయాడు. దిగి క్షమించమని అడగాలనిపించింది. చిరునవ్వు అప్పటికే కిందిదాన్లోనూ ఈ బ్రేకు ఉందని, అయినా పైదాని దారే వేరని చెప్తున్నాడు. దిగలేదు. బండి ఎలా ఉందంటే బాగుందన్నాను.

ఆ వారంలోనే ప్రెస్సుకి సెలవు పెట్టి, మీ బావకి చెప్పకుండా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక పెద్ద తెల్లటి గిన్నె లాంటి దాంట్లో మొహం పెట్టించి, మధ్యలో చుక్కని చూస్తూ ఉండమంటారు. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న చిన్న వెలుగులు మెరుస్తాయి. మెరిసినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. కాసేపు ఏమీ మెరవలేదు. మెరవలేదంటే నాకు భయమేసింది. ఇంతసేపు ఖాళీగా ఉంచరు కదా, ఎక్కడో వచ్చే ఉంటుంది అనుకుని నొక్కాను. ఓ లెక్క దొరికినట్టనిపించి ఆ లెక్క ప్రకారం నొక్కుతూ పోయాను. యంత్రం దగ్గర కూర్చున్నామె ఆపేసింది. "అమ్మా, ఊహించి నొక్కకండి. ఇందులో మార్కులు వెయ్యరు" అంది. ఈ వయసులో పరీక్షలో కాపీ కొట్టి దొరికిపోయాను చూడు. నువ్వు పక్కన ఉంటే నవ్వి చచ్చేదానివి. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు. మళ్లీ మొదట్నించీ చేశాం. ఈసారి నిజంగా కనబడినప్పుడే నొక్కాను. చాలాసేపు నా వేలు కదలలేదు.

గ్లకోమా అన్నారు డాక్టరమ్మ. మనవాళ్లు నీటికాసులు అనేవారే, అదే. కంట్లో ఒత్తిడి పెరిగి నరం నెమ్మదిగా ఎండిపోతుందట. నొప్పి ఉండదు. నడిమి చూపు చివరిదాకా బాగుంటుంది, అందుకే నేను అచ్చుతప్పులు పట్టగలుగుతున్నాను. పక్క చూపు తింటూ వస్తుంది. ఒక కంటి లోటు రెండో కన్ను కప్పేస్తూ ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదట. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు, చుక్కలమందు మానకూడదు, బండి నడపకూడదు. ఇవన్నీ ఆవిడ ఒకే గొంతుతో, మెత్తగా, తొందర లేకుండా చెప్పారు. చివరిది కూడా.

ఇంతవరకూ రాయగలిగాను. మీ బావకి కూడా ఇంతవరకూ చెప్పగలిగాను. ఇక రాయబోయేది నిన్నటిదాకా ఆయనకి కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "మీకు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"లేరండీ" అన్నాను. "ఒక్కదాన్నే."

ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. మాట నోట్లోంచి దానంతట అది వచ్చేసింది. ఆవిడ "అలాగా, తోబుట్టువులకి రావడానికి ఎక్కువ వీలుంటుంది, అందుకని అడిగాను" అని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. నేను ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. తర్వాత ఏం అడిగారో, ఏం చెప్పానో గుర్తులేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ నిన్ను మొదటిసారి నా ఒళ్లో పెట్టినప్పుడు నేను అడిగానట, ఇది ఎప్పటికీ మనదేనా అని. ఆ కథ నువ్వు నన్ను ఏడిపించడానికి ఎన్నిసార్లు వాడావో. అలాంటి నిన్ను, ముక్కూ మొహం తెలియని ఆవిడ ముందు, లేవని చెప్పేశాను.

ఎందుకో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఉందంటే నీకు చెప్పాలి. చెప్తే నువ్వు పరీక్ష చేయించుకోవాలి. ఏదైనా తేలితే, నీ స్కూలు, నీ పక్క సీటు, గేటు మీద నువ్వే నిచ్చెనెక్కి రంగు వేసుకున్న ఆ బోర్డు, ఏమవుతాయి? ఆ ఒక్క బండితో నువ్వు ఇంతమందికి నేర్పావు. పక్క సీటే నా సింహాసనం అంటావు. దాన్ని నా నోటితో లాగెయ్యలేకపోయాను. లేదన్నాను. లేదన్నాక ఇంటికొచ్చి, మళ్లీ పట్టిక ముందు నిలబడ్డాను. అప్పటికి నేను నడపకూడదని తెలుసు, అయినా ఇంకా చాలా రోజులు నడిమిదీ పైదీ పోలుస్తూనే ఉన్నాను. పోల్చడం ఆపితే నీకు ఉత్తరం రాయాల్సి వస్తుందని.

అంతలో నీ ఉత్తరం వచ్చింది.

దాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్తే నవ్వుతావు. బండి ఎడమ అద్దం మళ్లీ విరిగిందని రాశావు. క్రితంసారి గేటు స్తంభం అన్నావు, ఈసారి శిష్యురాలి మీద తోశావు, కానీ ఆ వేళ నువ్వే నడుపుతున్నావని నాలుగు లైన్ల తర్వాత నువ్వే రాశావు. "ఈమధ్య నా పిల్లలే నాకు చెప్తున్నారక్కా, పక్కన స్కూటర్ ఉంది మేడమ్ అని. అంత బాగా నేర్పుతున్నానన్నమాట" అని గొప్పలు పోయావు. చదివి ముందు నవ్వాను. తర్వాత మెడనొప్పి గురించి రాశావు.

అమ్మ గుర్తొచ్చింది. నడుస్తూ నడుస్తూ తలుపు చెక్కకి భుజం కొట్టుకునేది. బల్ల అంచు మీద గ్లాసు పెట్టి పడేసేది. పక్కన ఎవరొచ్చి నిలబడ్డా ఉలిక్కిపడేది, "పిల్లుల్లా వస్తారేమే" అని కసిరేది. నాన్న ఆవిడని తుఫాను అని పిలిచేవారు. మనమందరం నవ్వేవాళ్లం, అమ్మ కూడా. ఆవిడది తొందర అనుకున్నాం. నాది జాగ్రత్త అనుకున్నాం. నీది మెడనొప్పి అనుకుంటున్నాం.

నాది ఉత్త అనుమానమే కావచ్చు. నీ అద్దం నిజంగా స్తంభానికే తగిలి ఉండొచ్చు, నీ శిష్యులు నిజంగా బాగా నేర్చుకుని ఉండొచ్చు. అదే అయితే బతికున్నన్నాళ్లూ నన్ను ఏడిపించు, పెళ్లిళ్లలో నిలబెట్టి ఏడిపించు, నోరెత్తను. నా అనుమానం తప్పైపోవాలని, నీ కళ్లు బాగుండాలని కోరుకున్నంతగా ఇంకేదీ ఎప్పుడూ కోరుకోలేదు.

నిన్న మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మీ బావ తీసుకెళ్లారు. "క్రితంసారి ఒకటి తప్పు చెప్పానండీ, నాకు చెల్లెలుంది" అన్నాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. చాలామంది అలాగే చెప్తారట. పక్కన మీ బావ మాత్రం నా వైపు తిరిగి చూశారు. ఇంటి దగ్గర బండి దిగేటప్పుడు, "రేపు ఉత్తరం రాస్తావుగా" అన్నారు. ఆయనకి నా కళ్ల సంగతి చెప్పిన రోజున కూడా ఇంతే. ఫ్రిజ్ ముందుకి వెళ్లి పట్టిక అంతా కొత్తగా చూస్తున్నట్టు పైనుంచి కిందిదాకా చదివారు. "ముందే చెప్పి ఉంటే" అన్నారు. "ఏం చేసేవారు" అన్నాను. ఆలోచించి, "ఏం చేసేవాణ్నో తెలియదు. కనీసం ఆ రోజు బండిలో నవ్వేవాణ్ని కాదు" అన్నారు. పట్టిక ఊడదీసి మడిచి నా చేతికిచ్చారు.

నీ ప్రశ్నకి జవాబు ఇంకా చెప్పనేలేదు కదూ. నీ మాటే నెగ్గింది. కిందిది తీసుకున్నాం. నాకోసం రాసుకున్నవన్నీ పట్టికలోంచి కొట్టేస్తే చివరికి మిగిలింది అదే. గుడ్డ సీట్లు, చిన్న చక్రాలు, నువ్వు ఒక్క వాక్యంలో చెప్పిన బండి. మీ బావ నడుపుతారు, ఆయనకి నారింజ దీపాలతో పని లేదు. తాళాలు తీసుకునేటప్పుడు చిరునవ్వు ఒక్కసారి నవ్వు మానేశాడు. "మేడమ్, ఇన్నాళ్లు పైది అనుకుని ఇప్పుడిదేమిటి?" అన్నాడు. "మా చెల్లి చెప్పింది" అన్నాను. "ఆవిడ ఈ లైన్లోనే ఉంటారా మేడమ్?" అన్నాడు. నా కన్నా గొప్పగా తెలిసిన మనిషని చెప్పాను.

ఇప్పుడు నేను పక్క సీట్లో కూర్చుంటున్నాను. సందు మలుపు వచ్చినప్పుడల్లా నా కాలు నేలని తొక్కుతోంది. "అక్కడ బ్రేకు లేదు" అంటారు మీ బావ. నీ బండిలో అయితే ఉంటుంది కదా, నీ కాలి కింద రెండో బ్రేకు. నన్ను నడిపిస్తూ నువ్వు మొదటిసారి దాన్ని తొక్కినప్పుడు నాకెంత కోపం వచ్చిందో. నేను బాగానే నడుపుతున్నాను, నువ్వెందుకు ఆపావని దెబ్బలాడాను. నువ్వు నవ్వి, "అందరూ ఇలాగే తిడతారక్కా. నాకు సందేహం వస్తే ముందు తొక్కుతాను, తర్వాత ఆలోచిస్తాను, తిట్లు దాని తర్వాత తింటాను" అన్నావు.

ఈ ఉత్తరం అదే అనుకో. నీ పక్కన కూర్చుని తొక్కుతున్నాను. తిట్టు.

వచ్చే శుక్రవారం నీకు డాక్టరమ్మ దగ్గర సమయం తీసుకున్నాను. రైల్లో రా, బండి వేసుకుని రాకు. మరిదిగారిని తీసుకురా. అప్పటిదాకా పాఠాలు మీ స్కూల్లో ఉన్న రెండో టీచరుకి అప్పజెప్పు, మెడ నొప్పని చెప్పు, అబద్ధం కూడా కాదు. స్టేషనుకి మేమిద్దరం వస్తాం. ఆ గిన్నె లాంటి దాంట్లో మొహం పెట్టినప్పుడు ఊహించి నొక్కకు, ఆమె పట్టేస్తుంది. కనబడితేనే నొక్కు. నేను గది బయట బల్ల మీద కూర్చుని ఉంటాను. తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో ఆ వైపే తల తిప్పి కూర్చుంటాను, నువ్వు బయటికి రాగానే కనబడేట్టు.

బుడంకాయ ముద్దులు పంపుతోంది. మరిదిగారిని మేమిద్దరం అడిగామని చెప్పు.

ఇప్పుడు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
చెల్లెలున్న
నీ అక్క